ప్రాథమిక తరగతుల్లో సంయోగాలు, సంభావ్యత బోధనపై తీర్మానం

స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశం,

సంయోగాలు, సంభావ్యత ఇంటర్మీడియట్‌లో సూత్రాలుగా ఎదురైనప్పుడు చాలామంది విద్యార్థులు వాటిని బట్టీ పడుతున్నారని గమనించి;

ఆరు రుచులతో 63 కలయికలు వస్తాయన్న లెక్క సుశ్రుత సంహితలోనే ఉందనీ, సంయోగాల నియమం చెప్పిన మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని శతాబ్దాల క్రితమే పావులూరి మల్లన తెనిగించాడనీ గుర్తుచేసుకుంటూ;

అష్టాచెమ్మ ఆడే పిల్లలకు అష్టా, చెమ్మ అరుదుగా పడతాయని ఆటలోనే తెలుసుననీ, ఎందుకలా అని వారిచేత వెతికించడమే పాఠమనీ భావిస్తూ,

ఈ విధంగా తీర్మానించింది:

1. 3, 4, 5 తరగతుల్లో ఈ అంశాలకు సూత్రాలు చెప్పరాదు. వరుస తప్పకుండా జాబితా రాయించాలి. ఉగాది పచ్చడిలోని ఆరు రుచులను రెండేసి చొప్పున జత చేస్తే తీపితో 5 జతలు, పులుపుతో కొత్తగా 4, ఆపై 3, 2, 1, మొత్తం 15. తీపి–పులుపు అన్నా పులుపు–తీపి అన్నా ఒకే జత అని పిల్లలే తేల్చేదాకా ఉపాధ్యాయులు ఆగాలి.

2. వరుస మారితే ఫలితం మారే సందర్భాన్నీ వెంటనే చూపాలి. 2, 5, 7 అంకెల కార్డుల్లో రెండింటిని ఎంచుకునే విధాలు 3. వాటితో ఏర్పడే రెండంకెల సంఖ్యలు 6.

3. సంభావ్యతను 3వ తరగతిలో ‘తప్పక జరుగుతుంది’, ‘జరగవచ్చు’, ‘జరగదు’ అనే మాటలతోనే మొదలుపెట్టాలి. ‘16 విధాల్లో 6’ వంటి లెక్క 5వ తరగతిలో రావాలి.

4. గుర్తులు పెట్టిన నాలుగు నాణేలు ఎగరేస్తే పడగల 16 విధాలనూ 5వ తరగతి పిల్లలచేత రాయించాలి. నాలుగూ బొమ్మలు పడే విధం 1, మూడు బొమ్మలు పడేవి 4, రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, ఒక్క బొమ్మా పడనిది 1. ఆ తర్వాత అష్టాచెమ్మలోలా నాలుగు గవ్వలు వేయించి, ఏది ఎన్నిసార్లు పడిందో గీతలతో నమోదు చేయించాలి. గవ్వకు రెండు వైపులూ ఒకేలా ఉండవు కనుక నాణేల లెక్కతో అది కలవకపోవచ్చు. ఆ తేడాను తప్పుగా కొట్టివేయక, కారణం అడగాలి.

5. వరుసగా మూడుసార్లు బొమ్మ పడితే ఈసారి బొరుసే పడుతుందన్న నమ్మకాన్ని ఉపన్యాసంతో ఖండించరాదు. పిల్లలచేత ముందు అంచనా రాయించి, పదేపదే నాణెం వేయించి సరిచూసుకోనివ్వాలి. డబ్బు పందేలను, లాటరీలను ఉదాహరణగా వాడరాదు.

6. మూల్యాంకనంలో జాబితా క్రమానికి మార్కులుండాలి. ఆరు రుచుల జతల లెక్కలో దారి చూపకుండా 15 అని రాసిన జవాబుకన్నా, వరుసగా 14 జతలు రాసి ఒకటి వదిలేసిన జవాబుకు ఎక్కువ మార్కులివ్వాలి.

7. గవ్వలు, చింతగింజలు, అట్టముక్కలు చాలు కాబట్టి దీనికోసం సామగ్రి కొననక్కరలేదు. పిల్లలు రాసిన జాబితాలను ప్రతి పాఠశాల వచ్చే కాంప్లెక్స్ సమావేశానికి తేవాలి. తీర్మానం ప్రతిని మండల విద్యాశాఖాధికారికి పంపాలి.

తీర్మానాన్ని సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు.