చదివేది ఎవరు? వినేది ఎవరు?

గాజా దారిలో రథం మీద వెళుతున్న ఐతియోపీయుడైన అధికారి యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. పక్కన పరుగెత్తిన ఫిలిప్పుకు ఆ మాటలు వినపడ్డాయి (అపొ. కా. 8:30). తన కోసం చదువుకున్నా పైకి చదవడమే ఆనాటి అలవాటు. నాలుగో శతాబ్దంలో మిలాను బిషప్పు అంబ్రోసు పెదవి కదపకుండా చదవడం చూసిన అగస్టీను, దాన్నొక విశేషంగా రాసిపెట్టాడు.

ఇదంతా ఎందుకంటే, వాక్యాన్ని ‘వింటే’ చదివినట్టు కాదనే విశ్వాసులు మనలో ఉన్నారు. యోషీయా రాజు ధర్మశాస్త్రాన్ని తాను చదవలేదు, షాఫాను చదివితే విన్నాడు, వస్త్రాలు చింపుకున్నాడు. లండన్ మిషన్ కాలంలో అక్షరం రాని తల్లులకు బైబిలు స్త్రీలు ఇంటింటికీ వెళ్లి చదివి వినిపించారు. వారి విశ్వాసం తక్కువదా? ప్రొద్దుటూరులో మగ్గం గుంటలో కూర్చుని నాడె ఆడించే నేతగాడు పుస్తకం పట్టుకోలేడు, వినగలడు. (బండల పాలిష్ మిషను దగ్గర అదీ కుదరదనుకోండి!)

కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెర గల కిండిల్ రెండో రకం 2009లో వచ్చినప్పుడు పుస్తకాన్ని తానే చదివి వినిపించేది. అమెరికాలో రచయితల సంఘం అభ్యంతరం చెబితే, ఆ సదుపాయం ఉంచాలా వద్దా అన్నది హక్కుదారుల ఇష్టానికి వదిలేశారు. చూపులేనివారు న్యూయార్క్‌లో నిరసనకు దిగారు. న్యాయం వారి పక్షానే ఉందని నా అభిప్రాయం. 2016లో కిండిల్‌కు అయిదు భారతీయ భాషల పుస్తకాలు వచ్చాయి. అందులో తెలుగు లేదు.

ఫోనులో వింటుంటే మధ్యలో వాట్సాప్ మోగుతుంది. ఈ-ఇంక్ పరికరంలో ఆ గోల లేదు. అది మేలే. నా దిగులు వేరు. మనం కునికిపాట్లు పడుతున్నా అధ్యాయాలు దొర్లిపోతూనే ఉంటాయి. నీటి గుమ్మం ఎదుట మైదానంలో ఎజ్రా తెల్లవారినది మొదలు మధ్యాహ్నం దాకా చదివినప్పుడు లేవీయులు జనం మధ్య నిలబడి అర్థం చెప్పారు. ఫిలిప్పు కూడా రథం పక్కన మొదట అడిగింది, చదివేది తెలుస్తోందా అనే.

పులివెందుల వైపు ఒక ఊళ్లో చూపు తగ్గిన అవ్వకు కొడుకు కువైట్ నుంచి వాక్యం వినిపించే చిన్న పెట్టె పంపాడు. ఎలా ఉందవ్వా అని అడిగాను.

“బాగనే చదువుతాది నాయనా. అర్థమాయనా అని మాత్రం అడగదు” అంది.

సెలవులకు వచ్చిన మనవడు సాయంత్రం పెట్టె ఆపి, పెద్దక్షరాల బైబిలు తెరిచి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. “యాడ ఆపినాం అవ్వా?” అన్నాడు.