నన్ను పిలవకండి, టీచర్లని తయారు చేయండి

పోయిన సంక్రాంతికి ఊరెళ్తుంటే మా అక్క ఫోన్ చేసింది. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. చీమకుర్తికి కాస్త దూరంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తుంది. "ఒరేయ్, సెలవులయ్యాక ఒక్క రోజు ఆగి మా టెన్త్ పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పి పోరా. కెరీర్ గైడెన్స్ క్లాసు నా నెత్తిన పడేశారు. నాకేం తెలుసని చెప్పేది?" అంది.

ఆగాను. చెప్పాను. పెద్ద కలలు కనండి, ఇంగ్లీషు మీద పట్టు సంపాదించండి, కోడింగ్ ఇప్పట్నుంచే మొదలుపెట్టండి. నేనూ మీలాగే తెలుగు మీడియంలోనే చదివాను, చూడండి ఈరోజు ఎక్కడున్నానో. ముప్పావు గంట. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెచ్చెమ్ గారు శాలువా కప్పారు. ఫొటో తీసి ఏదో వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

చివర్లో "ప్రశ్నలుంటే అడగండమ్మా" అన్నాను. అలా అనే వాడెవడూ నిజంగా ప్రశ్నలు రావాలని కోరుకోడు. మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, ఇంటర్లో ఒకేషనల్ ఎమ్మెల్టీ తీసుకుంటే తర్వాత మామూలు డిగ్రీకి పోనిస్తారా?"

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది. "కనుక్కుని చెప్తానమ్మా" అన్నాను. ఆ సాయంత్రమే బస్సెక్కాను. కనుక్కోలేదు.

కొన్ని నెలల తర్వాత ఎందుకో గుర్తొచ్చి వెతికితే పది నిమిషాల్లో దొరికింది జవాబు. ఒకేషనల్ చదివేవాళ్ళకి బ్రిడ్జి కోర్సు ఉంటుంది. అది కూడా రాసి పాసైతే మామూలు ఇంటర్ వాళ్ళతో సమానంగా పై చదువులకి దారి ఉంటుంది. అంటే ఆ పిల్ల అడిగింది జవాబున్న ప్రశ్న. అదీ తన జీవితాన్ని రెండు రకాలుగా మార్చగల ప్రశ్న. నా ముప్పావు గంటలో జవాబు లేనిది ఆ ఒక్క ప్రశ్నకే.

నాలాంటి వాళ్ళని బడులకి పిలవడం మానేయండి. ఈ వ్యాసంలో నా వాదన ఇదే, మిగతాదంతా దీనికి వివరణ. 'స్ఫూర్తి' పేరుతో ప్రతి ఏడూ జనవరి, ఫిబ్రవరి నెలల్లో మా సాఫ్ట్‌వేర్ జనం పాత బడులకి వెళ్ళి ఇచ్చే ఉపన్యాసాలు మా ఆత్మతృప్తికి తప్ప ఎందుకూ పనికి రావు. నాకు తెలిసింది ఒకే ఒక్క దారి: ఎంపీసీ, ఎంసెట్, ఇంజనీరింగ్, క్యాంపస్. ఒక్క దారి తెలిసిన వాణ్ణి కూడలిలో నిలబెట్టి దారి అడిగితే వాడు తనొచ్చిన దారే చూపిస్తాడు.

మరి అక్క? తనకీ ఒక్క దారే తెలుసు. బైపీసీ, బీఎస్సీ, బీఈడీ, ఆ తర్వాత అవనిగడ్డలో డీఎస్సీ కోచింగు, ఉద్యోగం. బడిలో చదివి, బడిలో చెప్పడమెలాగో నేర్చుకుని, మళ్ళీ బడిలోకే వచ్చింది. బీఈడీ ఏడాది నుంచి రెండేళ్ళయింది, ఇంటర్న్‌షిప్ పెరిగింది. కానీ ఆ ఇంటర్న్‌షిప్ కూడా బడిలోనే. బడి బయట మనుషులు ఏ పని చేసి ఎలా బతుకుతున్నారో టీచరుకి చూపించే ఏర్పాటు అందులో లేదు. ఇది అక్క తప్పు కాదు. అయితే కెరీర్ క్లాసు ఆమె చేతికిచ్చే ముందు ఆమెకేం ఇచ్చారు?

ఒక రోజు శిక్షణ ఇచ్చారు. దాని సంగతి అక్క నవ్వుతూ చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు. పొద్దున జ్యోతి ప్రజ్వలన, అతిథుల మాటలు. పదకొండున్నరకి స్లైడ్లు మొదలు. పైలట్, మర్చంట్ నేవీ, గేమ్ డిజైనర్, ఫ్యాషన్ టెక్నాలజీ అంటూ వందల కొద్దీ వృత్తుల జాబితా. భోజనాలయ్యాక ఒక వెబ్‌సైటు, దానికి ప్రతి పిల్లాడికీ ఒక లాగిన్. నాలుగింటికి ఫీడ్‌బ్యాక్ ఫారం, గ్రూప్ ఫొటో. "ఆ పాస్‌వర్డులు ఎక్కడ రాసుకున్నానో నాకే గుర్తులేదురా" అంది. వెబ్‌సైట్లు దండగని నేననను. అవి కట్టి పొట్ట పోసుకునే వాణ్ణే. వాటిలో సమాచారం బాగానే ఉంటుంది. కానీ సమాచారం ఇచ్చేసి సలహా ఇచ్చేశామనుకోవడం డిక్షనరీ చేతిలో పెట్టి కథ రాయమన్నట్టుంటుంది.

పోనీ ఇదేమన్నా కొత్త సమస్యా అంటే, కాదు. 1952-53లో ముదలియార్ కమిషన్ మాధ్యమిక పాఠశాలలకి శిక్షణ పొందిన గైడెన్స్ ఆఫీసర్లు, కెరీర్ మాస్టర్లు ఉండాలంది. వాళ్ళని తయారు చేయడానికి శిక్షణ కేంద్రాలు పెట్టమంది. 1964-66 కొఠారి కమిషన్ కాస్త తగ్గి, పోనీ పది బడులకి కలిపి తిరిగే కౌన్సెలర్ ఒకరన్నా ఉండాలంది. ఎన్‌సీఈఆర్‌టీకి గైడెన్స్, కౌన్సెలింగ్‌లో ఏడాది డిప్లొమా ఉంది. అంటే ఈ పని నేర్చుకోవడానికి ఏడాది పడుతుందని చెప్పే సంస్థ దేశంలో ఉంది. మనం మాత్రం భోజన విరామంతో కలిపి ఒక రోజులో కానిచ్చేస్తున్నాం.

సాహిత్య పత్రికలో ఈ గోల ఏమిటంటారేమో. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' చదివిన వాళ్ళు ఆ మాట అనరనుకుంటా. సుందరం తరగతి తర్వాత తరగతి దాటుకుంటూ పోతూనే ఉంటాడు. ఆ చదువు ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పగలిగిన మనిషి మాత్రం అతని చుట్టూ కనపడడు. ఆ నవల మీద నేనొకసారి వ్యాసం రాసే ప్రయత్నం చేసి, అది సామ్రాజ్యవాద విద్య మీద విమర్శ అని పెద్ద మాటలు వాడాను. ఇప్పుడనిపిస్తుంది, అంత దూరం వెళ్ళకుండా మా అక్క బడి దగ్గరే ఆగాల్సిందని.

ఇంతకీ ఈ ఖాళీ ఖాళీగా ఉండిపోలేదు. తెలుగు రాష్ట్రాల్లో బాగా తర్ఫీదైన కెరీర్ కౌన్సెలర్ ఎవరో తెలుసా? కార్పొరేట్ కాలేజీ పీఆర్వో. అతనికి ఏ ఇంట్లో టెన్త్ పిల్లలున్నారో తెలుసు. తండ్రి కౌలు రైతో, క్వారీలో చేస్తాడో తెలుసు. ఏ ఇంటికి పొద్దున వెళ్ళాలో, ఏ ఇంటికి రాత్రి భోజనాల వేళకి వెళ్ళాలో తెలుసు. "మీవాడికి లెక్కలు బాగా వచ్చండీ, మీకోసమని ఫీజులో తగ్గింపు ఇప్పిస్తా" అంటాడు. అతనికి టార్గెట్ ఉంది. దానికోసం శిక్షణ ఉంది. తర్వాత పనితీరు సమీక్ష కూడా ఉంది. మన బడికి ఈ మూడూ లేవు. పోటీ ఇంత ఏకపక్షంగా ఉన్నప్పుడు "తల్లిదండ్రులకి ఎంపీసీ పిచ్చి" అని తిట్టుకోవడం అన్యాయం. వాళ్ళ గడప తొక్కి, పేరు పెట్టి పలకరించి, వాళ్ళ పిల్లల గురించి మాట్లాడింది ఆ ఒక్క మనిషే.

టీచరుని తయారు చేయడమంటే ఏమిటి మరి? నాకు తోచింది చెప్తాను. నేను విద్యావేత్తని కాను, తప్పులుంటే సరిచేయండి.

ముందు ఆవిణ్ణి బడి బయటికి పంపాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా ఎగుమతవుతుంది. అక్క పదకొండేళ్ళుగా ఆ లారీల వెనకే బడికి వెళ్తోంది. ఒక్కసారి కూడా కటింగ్, పాలిషింగ్ యూనిట్ లోపలికి వెళ్ళలేదు. అక్కడ మెషిన్ నడిపేవాడు ఏం చదివాడు, దాన్ని బాగుచేసేవాడు ఏం చదివాడు, వాళ్ళిద్దరి జీతాలకి తేడా ఎంత, దుమ్ము ఎంత, ఆడపిల్లలకి ఆఫీసులో కాకుండా లోపల పని ఇస్తారా? ఇవి ఏ స్లైడులోనూ ఉండవు. రెండు రోజులు అక్కడ, రెండు రోజులు ఒంగోల్లో ఏదన్నా డయాగ్నస్టిక్ సెంటర్లో, రెండు రోజులు కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గర. యజమాని దగ్గర కాదు, పనివాళ్ళ దగ్గర కూర్చోవాలి. శిక్షణంటే నా దృష్టిలో మొదటి వారం ఇదే. హాల్లో ఏసీ వేసి చెప్పేది రెండో వారం.

ఆ రెండో వారంలో దారుల లెక్క తేల్చుకోవాలి. ఐటీఐలో వెల్డర్ ఏడాది, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు. పాలిటెక్నిక్ చేసినవాడు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏట్లో చేరొచ్చు. ట్రిపుల్ ఐటీ సీట్లకి టెన్త్ మార్కులే ఆధారం, ప్రభుత్వ బడి పిల్లలకి కొంత అదనపు స్కోరు కలుపుతారు. ఏ దారి ఎక్కడ మూసుకుపోతుంది, మూసుకుపోయాక వెనక్కి రావడానికి సందు ఎక్కడుంది అన్నది అసలు పాఠం. ఎందుకంటే పదిహేనేళ్ళ పిల్లలు తప్పు నిర్ణయాలు తీసుకుంటారు, అది మామూలే. ఒక తప్పుకి ఎన్నేళ్ళు పోతాయో ముందే చెప్పగలగాలి. ఆ అమ్మాయి అడిగింది సరిగ్గా ఇదే కదా.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. ఒక మిత్రుడితో ఇదంతా అంటే ఆయన మండిపడ్డాడు. "అంటే పేదోళ్ళ పిల్లల్ని వెల్డింగుకి, మీ పిల్లల్ని ఐఐటీకి పంపే పథకమా ఇది?" అన్నాడు. ఆ కోపం సబబే. 'వాస్తవిక సలహా' పేరుతో మన బడుల్లో ఎంతమందిని కింద కూర్చోబెట్టారో మనకి తెలియంది కాదు. మీ నాన్న చేసే పని ఉందిగా, నీకెందుకురా డిగ్రీ? ఎలాగూ పెళ్ళి చేస్తారుగా, నీకు దగ్గర్లో కాలేజీ చాలమ్మా. ఇలాంటి మాటలు చెడ్డవాళ్ళే అననక్కర్లేదు, ప్రేమ ఉన్న టీచర్ల నోటి నుంచి కూడా వస్తాయి. నేను విన్నాను. అందుకే శిక్షణ కావాలంటున్నాను. ఒకే మార్కులొచ్చిన ఇద్దరు పిల్లలకి, కులమో ఆడామగా తేడానో కనిపించగానే తను వేరువేరు సలహాలు ఇస్తోందని టీచరు తనంతట తను పట్టుకోవడం కష్టం. తోటి టీచర్ల ముందు కూర్చుని, కేసులు పెట్టుకుని, ఒకరి సలహాని ఒకరు నిలదీస్తే తప్ప బయటపడదు. శిక్షణ లేని కెరీర్ క్లాసు తటస్థంగా ఉండదు. ఊళ్ళో ఉన్న పాత లెక్కనే మళ్ళీ అప్పజెప్తుంది.

'టీచర్లకి ఇప్పటికే చచ్చేంత పని' అన్న రెండో అభ్యంతరానికి నా దగ్గర గొప్ప జవాబేం లేదు. నిజమే. మధ్యాహ్న భోజనం ఫొటో, హాజరు యాప్, ఆ పైన సిలబస్. కాబట్టి ఇది ఆ పైన ఇంకొకటిగా పెట్టకండి. కొన్ని తీసేసి పెట్టండి. వారానికి ఒక పీరియడ్ టైంటేబుల్లో రాసి, దాన్ని ఫిబ్రవరిలో లెక్కల రివిజన్‌కి లాక్కోకుండా ఉంటే చాలు. అది కూడా కుదరదంటే, ఆ క్లాసు ఉందని చెప్పుకోవడం మానేద్దాం. కనీసం నిజాయితీ అన్నా మిగులుతుంది.

పిడకల వేటలా ఒక సంగతి. వృత్తి మార్గదర్శనానికి ఆద్యుడని చెప్పే ఫ్రాంక్ పార్సన్స్ కూడా మొదట ఇంజనీరే. పని చేస్తున్న రైలు కంపెనీ దివాలా తీస్తే ఇనప మిల్లులో కూలి పని చేశాడు, బడిపంతులుగా చేశాడు, లాయరయ్యాడు. ఆ తర్వాత గానీ 1908లో బోస్టన్‌లో యువకులకి సలహా కేంద్రం పెట్టలేదు. అన్ని ఉద్యోగాలు మారమని టీచర్లకి చెప్పలేంగానీ, నాలుగు పనులు దగ్గర్నుంచి చూసినవాడి మాటకి ఒక బరువుంటుంది.

అన్నిటికంటే చవకైన శిక్షణ ఇంకొకటుంది. మా ఆఫీసులో ఏ చిన్న మార్పు చేసి విడుదల చేసినా తర్వాత కొన్నాళ్ళు లాగ్స్ చూస్తాం. ఎక్కడ పగిలింది, ఎవరికి పని చేయలేదు అని. బడి ప్రతి ఏప్రిల్లో ఒక బ్యాచ్ పిల్లల్ని లోకంలోకి విడుదల చేస్తుంది. వాళ్ళేమయ్యారో చూడదు. ఎంతమంది పాసయ్యారో గోడ మీద రాస్తుంది, ఇంటర్ మొదటి ఏడు మధ్యలో ఎంతమంది మానేశారో ఎక్కడా రాయదు. టీచరు చెప్పే సలహా నిజమో కాదో తేల్చగలిగినవాళ్ళు ఆ పాత పిల్లలే. వాళ్ళ లెక్క లేకుండా చెప్పేదంతా ఊహ.

ఇదంతా అక్కకి ఫోన్లో చెప్తే, "ఉపన్యాసం బాగుంది, మరి ఆ పిల్లకి జవాబు చెప్పావా?" అంది. ఆ అమ్మాయి ఏ కాలేజీలో చేరింది అని నేనడిగాను. అక్కకీ తెలీదు.

పోయిన ఆదివారం అక్క పాత హాజరు రిజిస్టర్ తీసి కూర్చుంది. ఆ బ్యాచ్‌లో 38 మంది. నేను వీడియో కాల్లో ఉండి స్ప్రెడ్‌షీటు నింపుతూ కూర్చున్నా. చాలా నంబర్లు పని చేయడం లేదు. ఒకబ్బాయి ఎంపీసీలో చేరి దసరాకే మానేసి హైదరాబాదులో ఏదో గోడౌన్లో ఉన్నాడు. ఒకమ్మాయికి పెళ్ళయింది. ఇద్దరు పాలిటెక్నిక్‌లో ఉన్నారు, ఆ సీటు సంగతి తమకి చెప్పింది సీనియర్లే తప్ప బడి కాదన్నారు. మూడో వరస అమ్మాయి పేరు దగ్గర ఉన్నది వాళ్ళ నాన్న నంబరు. మెషిన్ల రొదలోంచి ఆయన గట్టిగా అరిచి చెప్పాడు: "డ్యూటీలో ఉన్నా మేడమ్, అమ్మాయి ఇంటి దగ్గరుంది. ఏడింటికి చేయండి, ఇస్తాను."