అనగ్నిదగ్ధులకు ఒక నమస్కారం

విదేశాలలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను యూరపు యాత్రకు తీసుకుపోవడం ఈ రోజులలో సామాన్యమైపోయింది. ఆ యాత్రలలో కోటలు, మ్యూజియములు, చర్చిలతో పాటు ప్రాచీన శ్మశానస్థలాలు కూడా ఉంటున్నాయి. అక్కడే ఆస్తికులకు సందేహం కలుగుతున్నది. వేల ఏళ్ల నాటి పరజాతివారి సమాధులలోకి మనం పోవచ్చునా? పోతే మైల అంటుతుందా? తిరిగివచ్చి దేవతార్చన చేసుకోవచ్చునా? ఇది చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. కాని గతించినవారిని మనం ఏ దృష్టితో చూస్తున్నామో తేల్చే ప్రశ్న ఇది. పోవచ్చుననే నా అభిప్రాయం. అయితే ఏ భావంతో పోతున్నామన్నదే ప్రధానం.

మాల్టా ద్వీపాన్నే తీసుకుందాం. మధ్యధరా సముద్రంలో సిసిలీకి దక్షిణంగా ఉన్న చిన్న దేశమది. అక్కడి పావోలా పట్టణంలో, ఇళ్ల వరుసల అడుగున, హల్ సఫ్లీని హైపోజియం అనే భూగర్భ శ్మశానం ఉన్నది. హైపోజియం అంటే గ్రీకు భాషలో భూమి అడుగున ఉన్నదని అర్థం. 1902లో కొత్త ఇళ్లకు నీటి తొట్లు తవ్వుతున్న పనివారికి ఇది తటస్థపడింది. క్రీస్తుపూర్వం 4000 ప్రాంతం నుండి 2500 ప్రాంతం వరకు అక్కడి ప్రజలు తమ మృతులను ఇక్కడ ఉంచారు. లోహం ఎరుగని ఆ కాలంలో చెకుముకి రాతి పనిముట్లతో, జంతువుల కొమ్ములతో సున్నపురాతిని తొలిచి, ఒకదాని కింద ఒకటిగా మూడు అంతస్తుల గదులు మలిచారు. భూమిపైన కట్టిన ఆలయాల ద్వారబంధాలను, పైకప్పులను అదే రూపంలో కింద రాతిలో చెక్కారు. కొన్ని కప్పుల మీద ఎర్రమట్టితో చిత్రించిన సుడుల చిత్రాలు నేటికీ కనిపిస్తాయి. సుమారు ఏడువేల మంది అస్థులు అక్కడ ఉండేవని పండితుల అంచనా.

అక్కడే దొరికిన ఒక చిన్న మట్టి ప్రతిమ ఇప్పుడు రాజధాని వాలెట్టాలోని పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నది. ఒక స్త్రీ మంచం మీద పక్కకు ఒత్తిగిలి ప్రశాంతంగా పడుకొని ఉంటుంది. అది నిద్రో, దీర్ఘనిద్రో చెప్పలేము. దానిని చేసినవారు ఒక్క అక్షరమైనా రాసిపెట్టలేదు. వారి పేర్లు, భాష, వారు కొలిచిన దైవం, ఏవీ మనకు తెలియవు. కాని మరణించినవారిని పారవేయలేదనీ, వారికోసం తరతరాలు శ్రమించి రాతిని తొలిచారనీ మాత్రం తెలుస్తున్నది. శ్రాద్ధం పెట్టే ఇంటివారికి ఆ శ్రమ వెనుక ఉన్న హృదయం అర్థం కాకపోదు.

ఇక శాస్త్రం మాట. మనం దహనం చేసేవారము, వారు పూడ్చేవారు, వారి సంగతి మనకెందుకు అని కొందరు అంటారు. ఈ మాటకు వేదంలో ఆధారం లేదు. ఋగ్వేదం పదవ మండలంలోని పితృసూక్తం అగ్నిదగ్ధులనూ, అనగ్నిదగ్ధులనూ, అంటే అగ్నిలో దహింపబడినవారినీ, దహింపబడనివారినీ, ఇరువురినీ పితరులుగానే స్మరించింది. అదే మండలంలోని పద్దెనిమిదవ సూక్తంలో, గతించినవానిని తల్లివలె మృదువుగా తనలోకి తీసుకొమ్మని భూదేవిని వేడుకొనే మంత్రాలున్నాయి. సన్యాసులకు, శిశువులకు మనమూ భూస్థాపనమే చేస్తాము. వీరశైవులకు అది కులాచారం. మంత్రాలయంలో శ్రీ రాఘవేంద్రస్వామివారు 1671లో సజీవంగా ప్రవేశించిన బృందావనానికి ప్రదక్షిణం చేసే మనకు, భూమిలో శయనించినవారి సన్నిధి అశుభమని అనడం తగదు.

మైల గురించి ధర్మశాస్త్రం స్పష్టంగానే చెప్పింది. మనుస్మృతి ఐదవ అధ్యాయం ప్రకారం తడి ఆరని మనుష్యాస్థిని తాకితే స్నానంతో శుద్ధి. ఎండిన అస్థిని తాకితే ఆచమనం చేసి, గోవును స్పృశించడంతో గాని, సూర్యుని దర్శించడంతో గాని శుద్ధి కలుగుతుంది. హైపోజియంలో యాత్రికులు దేనినీ తాకే అవకాశమే లేదు. అయినా మనసుకు శంక ఉంటే బసకు వచ్చి స్నానం చేసి, సంధ్యావందనం గాని నామజపం గాని చేసుకొంటే చాలు. దీక్షలో ఉన్నవారు ఆ దర్శనాన్ని మరొకసారికి వాయిదా వేసుకోవడం మంచిది. ఇంతకు మించి భయపడవలసినది ఏమీ లేదు.

నిజంగా భయపడవలసిన దోషం మరొకటి ఉన్నది. అది అనాదరం. హైపోజియం చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1903లో అక్కడ తవ్వకాలు ప్రారంభించిన ఇమ్మాన్యుయేల్ మాగ్రి అనే జెస్యూట్ మతగురువు 1907లో ట్యునీషియాలో మరణించారు. ఆయన రాసుకొన్న వివరాలు ఎవరికీ దొరకలేదు. మాల్టా జ్వరం మేకపాల వల్ల వస్తున్నదని 1905లో తేల్చిన వైద్యుడు థెమిస్టోక్లీస్ జామిట్ ఆ పనిని చేపట్టి శాస్త్రీయంగా కొనసాగించారు. కాని అప్పటికే ఎంతో నష్టం జరిగింది. ఏడువేల మంది అస్థులలో నేడు మిగిలినవి కొద్ది కపాలాలు, మరికొన్ని ఎముకలు మాత్రమే. వేల ఏళ్లు భూమాత కడుపులో దాచుకొన్నదానిని నాగరికులమనుకొనే మనుషులు కొద్ది కాలంలోనే పోగొట్టుకొన్నారు.

ఆ నష్టం నుండి మాల్టావారు పాఠం నేర్చుకొన్నారు. 1980లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. యాత్రికుల ఊపిరి వల్ల పెరిగే తేమ, బొగ్గుపులుసు వాయువు ఎర్రమట్టి చిత్రాలను చెరుపుతున్నాయని గ్రహించి, 1990 దశకంలో దానిని మూసివేసి సంరక్షించారు. 2000లో తిరిగి తెరిచారు. గంటకు పదిమంది, రోజుకు ఎనభైమంది మాత్రమే లోపలికి పోవాలి. ఫోటోలు తీయరాదు. టిక్కెట్టు ఎంతో ముందుగా తీసుకోవాలి. డబ్బిచ్చినా ఈ ఆంక్షలేమిటని విసుగుకొనేవారున్నారు. గర్భాలయంలోకి ఎవరు, ఎప్పుడు, ఎలా పోవాలో ఆగమం నియమించిన దేశం మనది. ఆ నియమాన్ని అందరికంటే ముందుగా అర్థం చేసుకోవలసినది మనమే.

మరొక హెచ్చరిక. ఇటువంటి స్థలాల గురించి వింత కథలు చాలా పుడుతుంటాయి. వారు మనవారేననీ, వైదికులేననీ రుజువు లేకుండా చెప్పేవారూ ఉంటారు. ఆ మాటల వల్ల వేదానికి గౌరవం పెరగదు. మనవారు కానివారికి నమస్కరించలేకపోతే ఆ నమస్కారానికి విలువేమున్నది? మన తర్పణవిధిని చూడండి. సంతానం లేక గతించిన వంశీయులకు వస్త్రం పిండిన నీరు విడుస్తాము. మాఘ శుద్ధ అష్టమినాడు బ్రహ్మచారియైన భీష్మునికి తర్పణం ఇస్తాము. గయలో దిక్కులేనివారికీ పిండం ఉన్నది. సమస్త భూతాలూ తృప్తి పొందాలని జలం వదిలే సంప్రదాయానికి, మాల్టాలోని ఏడువేల మంది పరాయివారు ఎలా అవుతారు? ఆ స్థలంలో మన కర్మలు ఏవీ చేయనక్కరలేదు, చేయరాదు కూడా. అది వారి చోటు. మౌనంగా చేతులు జోడిస్తే చాలు. ఇంటికి వచ్చాక నిత్య తర్పణంలో మనసున ఒక్కసారి తలచుకోవచ్చు.

ఆ చూపు అలవడితే మన ఊరి పొలిమేర కూడా కొత్తగా కనిపిస్తుంది. తెలుగునాట రాక్షసగుళ్లు అని పిలిచే బృహత్ శిలాయుగపు సమాధులు ఎన్నో రాయికోసం పగిలిపోయాయి, దున్నకాలలో కలిసిపోయాయి. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. సంతోషమే. కాని జాబితా కాపాడదు, పక్కనున్న మనిషి కాపాడాలి. వాటికి రాక్షసుల పేరు పెట్టి దూరం జరిగాము. నిజానికి అవి ఎవరో బిడ్డలు తమ తల్లిదండ్రులకోసం ఎత్తిన రాళ్లు. ద్వీపాంతరంలోని శ్మశానానికి టిక్కెట్టు కొని పోయే గృహస్థు, సొంత ఊరి రాయి మీద గునపం పడుతుంటే వద్దని ఒక్క మాట చెప్పగలిగితే, అది పితృదేవతలు సంతోషించే పని.