ఐసు లేని ఒడ్డు

తీరం మనది, హార్బరు విశాఖది. శ్రీకాకుళం జిల్లాకు రికార్డుల ప్రకారం 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. రాష్ట్రంలో మరే జిల్లాకూ ఇంత లేదు. పక్కనున్న విజయనగరానికి 28 కిలోమీటర్లు. అయినా వేటకు పోయిన పడవ తిరిగొచ్చి ఆగేది ఇసుక మీదనే.

తెల్లవారకముందే నలుగురైదుగురు పడవను కెరటాల్లోకి నెట్టుకుని పోతారు. వెనక ఒక ఇంజను, లోపల వల, గేలాలు, ఒక క్యానులో గంజన్నం. ఒడ్డు కనపడనంత దూరం పోతే కోనాం, సూర పడతాయి. ఒక్కోసారి మాహీ పడుతుంది. పచ్చగా, బంగారు రంగుతో మెరిసే చేప. తల నుంచి తోక దాకా వెన్ను మీద ఒకటే రెక్క. తేలే దుంగ కనపడితే దాని కింద చేరుతుంది. డాల్ఫిన్ చేప అని కూడా అంటారు గానీ డాల్ఫిన్‌తో దీనికి చుట్టరికం లేదు. విదేశాల్లో పెద్ద హోటళ్లలో వడ్డించే చేప ఇది.

పడవలోకి లాగిన కాసేపటికే ఆ మెరుపు పోతుంది. రంగు పోతే పోయింది, అసలు చిక్కు వేరే ఉంది. సూర, మాహీ వంటి చేపలను వెంటనే ఐసులో పెట్టకపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తిన్నవారికి మొహం ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, తల తిరుగుతుంది. వండినా అది పోదు. మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు ఉండాలని నిపుణుల లెక్క. చిన్న పడవకు అంత ఐసు ఎక్కడిది? ఐసు నిలిచే పెట్టె ఎక్కడిది? ఉన్నా, ఆ ఐసు అప్పు పెట్టిన వ్యాపారిదే అయితే ధర కూడా అతను చెప్పిందే. ఎగుమతి కావలసిన చేప ఎండు చేపల ధరకు పోతోంది.

ఈ లెక్క కుదరకనే మన కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు కూలికి పోతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని ఊడ్చేసింది. మరుసటి నెలలోనే వెరావల్ బోట్లలో ఉన్న మనవారు పాకిస్తాన్‌కు చిక్కారు. 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చేదాకా ఇక్కడ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఆ ఆడవాళ్లనే అడగాలి. ఆ కథ మీద 2025లో ‘తండేల్’ సినిమా వచ్చింది, జనం చూశారు. వలస మాత్రం ఆగలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చే భృతిని ప్రభుత్వం 20 వేలకు పెంచింది. 2025 ఏప్రిల్ 26న మన బుడగట్లపాలెంలోనే ఆ కార్యక్రమం జరిగింది. మంచిదే, కాదనం. అయితే అది వేట లేని రెండు నెలలకు. వేట ఉన్న పది నెలల సంగతి ఏమిటి?

హార్బర్లు కట్టడానికి ఏళ్లు పడతాయి. ఐసుకు అన్ని ఏళ్లు అక్కర్లేదు. కళింగపట్నం, బుడగట్లపాలెం, భావనపాడు, చింతపల్లి ఒడ్లలో ఐసు నిల్వ ఉంచి, సంఘాల ద్వారా పడవకో ఐసు పెట్టె సబ్సిడీ మీద ఇప్పించవచ్చు. వచ్చే జూన్ 15న పడవలు దిగేనాటికి వీటిలో ఒక్క ఒడ్డునైనా మత్స్యశాఖవారు ఆ పని చేసి చూపాలి.