చూపునకు స్వరాజ్య మెన్నడు?

దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినంతమాత్రమున మనస్సునకు స్వాతంత్ర్యము రాదు. పరప్రభువు ఓడ యెక్కి వెడలిపోయెను గాని, అతడు మన కన్నులకు గట్టిన గంతలు కన్నులనే యున్నవి. ఆ గంతలనే మనవారు కొందఱు భారతీయసంస్కృతి యని కొనియాడుచున్నారు. మానవదేహమును, దాని కామమును వస్తువుగా గైకొని చిత్రకారులు ప్రదర్శన మేర్పఱచినప్పుడెల్ల ఈ చిత్రమైన భ్రాంతి బయటపడుచున్నది.

2013 ఫిబ్రవరిలో ఢిల్లీనగరమున హౌజ్ ఖాస్ నందు ఢిల్లీ ఆర్ట్ గ్యాలరీ వారు ఆధునిక భారతచిత్రకళలో నగ్నదేహ మను విషయమున పెక్కుమంది చిత్రకారుల రచనలను ఒక్కచోట ప్రదర్శించిరి. దానిని మూసివేయవలెనని ఒక మహిళాసంఘమువారు నిరసనకు దిగిరి. ఇది నేటి కథ మాత్రమే కాదు. 1949లో బొంబాయిలో ఎఫ్.ఎన్. సూజా తన నగ్నస్వరూపమును తానే చిత్రించి ప్రదర్శనకు బెట్టగా దానిని గోడనుండి దింపివేసిరి. ఆ సంవత్సరమే ఆయన లండనునకు వెడలిపోయెను. 1954లో అదేనగరమున జహంగీరు ఆర్ట్ గ్యాలరీలో అక్బరు పదంసీ ప్రేమికుల చిత్రములను ప్రదర్శింపగా ఆయనపై అశ్లీలాభియోగము మోపిరి. న్యాయస్థానము నిర్దోషి యని విడిచిపుచ్చెను.

అంతటితో వివాద మణగవలసినది. అణగలేదు. 2023లో ఆ యిద్దఱి చిత్రములే, సూజావి నాలుగు, పదంసీవి మూడు, విదేశమునుండి వచ్చుచుండగా బొంబాయి కస్టమ్సు అధికారులు అశ్లీలము లని పట్టుకొని జప్తుచేసిరి. వానిని ధ్వంసము చేయరాదని బొంబాయి ఉన్నతన్యాయస్థానము ఆజ్ఞాపింపవలసివచ్చెను. 2024 అక్టోబరు 25వ తేదీన ఆ న్యాయస్థానమే జప్తు ఉత్తరువును కొట్టివేసి, నగ్నత్వ మున్నంతనే అశ్లీల మనుట చెల్లదని తీర్పు చెప్పెను. పదంసీకి 2010లో పద్మభూషణ బిరుద మొసగినదియు మన ప్రభుత్వమే; ఆయన చిత్రమును దొంగసరకువలె బంధించినదియు మన ప్రభుత్వమే! కుడిచేత పూలదండ, ఎడమచేత సంకెల! ఇంతకంటె నవ్వులపా లేమున్నది?

ఈ వెఱపు మనకెచ్చటినుండి వచ్చినది? 1868లో ఇంగ్లండు న్యాయస్థాన మొకటి హిక్లిన్ వ్యాజ్యమున ఒక సూత్రము నిర్ణయించెను. దుర్బలచిత్తు డెవ్వడైన చెడిపోవు నవకాశ మున్నయెడల ఆ రచన అశ్లీల మని దాని సారాంశము. అనగా జాతి యంతయు, తనలోని యత్యంతదుర్బలుని కన్నులతోనే లోకమును జూడవలె నన్నమాట! ఈ విక్టోరియా రాణికాలపు కొలబద్దను స్వతంత్రభారతమున 1964లో సుప్రీంకోర్టు సైతము చేపట్టెను. 2014లో గాని దానిని విడువలేదు. నాటి శిక్షాస్మృతిలోని 292వ ప్రకరణము 2024 జూలై 1 మొదలు భారతీయ న్యాయసంహితలో 294వ ప్రకరణ మైనది. సంఖ్య మాఱినది, పేరు మాఱినది, ప్రాణము మాఱలేదు.

ఆ ప్రకరణముననే ఒక వింత యున్నది. దేవాలయములందును, ప్రాచీనకట్టడములందును, దేవతలను ఊరేగించు రథములమీదను గల శిల్పములకు, చిత్రములకు ఆ నేరము వర్తింపదు. తేరుమీది మిథునము నిర్దోషము. గుడ్డమీది మిథునము నేరము! ఆ తేరు చెక్కిన శిల్పి నేడు బ్రదికివచ్చి ఆ బొమ్మనే కాగితముపై గీచెనేని, ఠాణాకు నడువవలసినదే కదా! గతించినవానికి నమస్కారము, బ్రదికియున్నవానికి బేడీలు! ఇది సంస్కృతిని రక్షించుట యగునా?

ఆంధ్రులకు ఈ విషయమున ఒకరు పాఠము చెప్ప నక్కఱలేదు. అమరావతి స్తూపమున బౌద్ధభిక్షువులు ప్రదక్షిణముచేసిన సున్నపురాళ్లమీద స్త్రీదేహలావణ్యము పొంగిపొరలుచున్నది. వైరాగ్యమున కది విఘ్న మని వారు తలంపలేదు. 1213లో పాలంపేటయందు రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి కప్పుక్రింద నల్లరాతి మదనికలు నేటికిని దేవుని వాకిట నిలిచియున్నారు. హాలుని గాథలు, అన్నమయ్య శృంగారసంకీర్తనలు, క్షేత్రయ్య పదములు మన సొత్తు. ఆ ధారయే మెదకుసీమలోని నిజాంపురమున 1940లో జన్మించిన లక్ష్మాగౌడు రేఖలలో మఱల ప్రవహించినది. పల్లెపట్టున మనుష్యుడు, మేక, చెట్టు, కోరిక కలసి బ్రదుకు తీరును ఆయన సంకోచింపక గీచెను. ఇది పరదేశమునుండి దిగుమతియైన జాడ్య మనువారు మొదట మన పల్లెల నెఱుగరు. పిమ్మట మన గుడుల నెఱుగరు.

మనలోని దోషమునుగూడ చెప్పుకొందము. తంజావూరి ప్రతాపసింహుని కొలువునందలి ముద్దుపళని రాధికాసాంత్వనమున స్త్రీకోరికను స్త్రీయే చెప్పెను. అది స్త్రీ నోట రాదగని మాట యని దూషించినవాడు తెల్లదొర కాడు. మహాసంస్కర్త వీరేశలింగము పంతులుగారే. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యమును పరిష్కరించి ప్రకటింపగా, మఱుసటియేడు దొరతనమువారు దానిపై బడిరి. మనవారి నింద ముందు నడచినది. పరప్రభువు పోలీసు వెనుక నడచెను. తుదకు మదరాసురాష్ట్ర ప్రధానియై ప్రకాశం పంతులుగారు ఆ నిషేధమును దొలగించిరి. ఇంగ్లీషువాని తుపాకికి ఱొమ్ము చూపిన దేశభక్తుడు, ఒక కావ్యమును చూచి భయపడలేదు! దేశాభిమానము పేరు చెప్పి చిత్రములమీదికి దుముకువారు ఈ యుదాహరణమును మననము చేయుదురు గాక.

ప్రతిపక్షుల వాదములలో ఒక్కటి బలముగలది. చిత్రకారు లధికముగ పురుషులు, చిత్రింపబడున దధికముగ స్త్రీదేహము; ఇది గౌరవమా, వ్యాపారమా యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. వేలముపాటలలో కోట్లకు అమ్ముడుపోవుటచేత ఏ చిత్రమును పవిత్రము కానేరదు. స్త్రీని కేవలము సరకుగా జూచు రచన యున్నచో దానిని విమర్శకులు చీల్చిచెండాడుదురు గాక. మేమును వారితో గలసెదము. కాని ఆ దోషమునకు మందు కుంచె పట్టిన స్త్రీలు పెక్కుమంది యగుట. తమ దేహమును, తమ కోరికను తామే చెప్పుకొనుట. తాళముకప్ప మందు కాదు. ముద్దుపళని నోరు మూసినవారికి స్త్రీగౌరవము పేరెత్తు నధికార మెక్కడిది? పిల్లలు చూతు రందురా? ప్రదర్శనశాల ద్వారముకడ హెచ్చరికపలక యొకటి చాలును. ఇష్టములేనివారిని లోపలికి ఎవ్వరు నీడ్చుకొనిపోవుట లేదు. వీథివీథిని స్త్రీదేహమును జూపి సబ్బును, సెంటును అమ్ము ప్రకటనపలకలక్రింద శాంతముగా నడచిపోవువారికి, నాలుగుగోడలనడుమ నున్న చిత్రము మాత్రమే కంట నలుసైనదా?

మేము కోరునది స్వల్పము. ప్రదర్శనమునకు బెదరింపు వచ్చినప్పుడు పోలీసులు బెదరించువానిని ఆపవలెను గాని, ద్వారమును మూయింపరాదు. కళ యేది, అశ్లీల మేది యని తేల్చు నధికారము సుంకము వసూలుచేయు నుద్యోగిచేతిలో నుండరాదు. రథముమీది శిల్పి కిచ్చిన యభయమును బ్రదికియున్న చిత్రకారునికిని నిస్సంకోచముగా నీయవలెను.

తన దేహమును జూచి తాను సిగ్గుపడు జాతి యే శత్రువు నెదుట తల యెత్తగలదు? మదనికలను చెక్కినవారి సంతతివారము మనము. గంతలు విప్పుడు; నచ్చినచో మెచ్చుడు, నచ్చనిచో నిందింపుడు; ముందు కన్ను దెఱచి చూడుడు!