గద్దె మీది ఇంజను

మా పశువుల కొట్టంలో చూరుకి ఒక పాత మోట గిలక వేలాడుతూ ఉంటుంది. మా నాన్న దాన్ని అమ్మనివ్వడు. దసరానాడు దానికీ పసుపూ కుంకుమా పెడతాం. కాని మోట తోలడం మాత్రం మా తాతతోనే పోయింది. ఎద్దుల్ని ఏటవాలు బాట మీద వెనక్కి నడిపించడం, తాడు బిగువును బట్టి బాన నిండిందని పోల్చుకోవడం - ఇవి గిలకని చూస్తే వచ్చేవి కావు. వస్తువు మిగిలింది, విద్య పోయింది.

ఆవిరి ఇంజన్ల విషయంలో మన దేశం చేస్తున్న పొరపాటు కూడా ఇలాంటిదేనని నా అభిప్రాయం. స్టేషన్ల ముందూ, రైల్వే ఆఫీసుల ముందూ గద్దెలు కట్టి, నల్లరంగు పూసి ఇంజన్లని నిలబెట్టారు. పిల్లలు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. సంతోషమే. కాని నిప్పు లేని ఇంజను ఎంతకాలం ఇంజనుగా ఉంటుంది?

మా ఊళ్లో ఒక పెద్దాయన ఒకప్పుడు మీటర్ గేజి మీద ఫైర్‌మన్‌గా చేశాడు. సెలవుల్లో నేను థెర్మోడైనమిక్స్ పుస్తకం ముందేసుకుని కూచుంటే, "ముందు నీళ్లు చూడాల్రా అబ్బాయ్, నిప్పు సంగతి ఆ తర్వాత" అన్నాడు. బాయిలరులో నీటిమట్టం ఫైర్‌బాక్సు పైకప్పు కంటే దిగితే, అక్కడ బిగించిన సీసపు బిరడా కరిగి ఆవిరి నిప్పు మీదికి దూకుతుందట. బొగ్గు కుప్పగా వేయకూడదు, మూలమూలలకీ పలచగా చల్లాలి. పొగ రంగు చూసి నిప్పు ఎలా ఉందో చెప్పాలి. ఇవేవీ మన సిలబస్‌లో లేవు. ఆయన చేతుల్లో ఉన్నాయి.

మన బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండ్ల సర్వీసు 1995 డిసెంబరులో జలంధర్-ఫిరోజ్‌పూర్ మధ్య ఆఖరైంది. ఆనాడు ముప్ఫై ఏళ్లున్న ఫైర్‌మన్‌కి ఇప్పుడు అరవై. గురువులు ఉండగానే శిష్యులు దొరకాలి కదా!

నడపడం సాధ్యమేనా అంటే, మనవాళ్లే చేసి చూపించారు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ 1909లో పని మానేసింది. 88 ఏళ్ల తర్వాత, 1997లో ఢిల్లీ-ఆళ్వార్ మధ్య యాత్రికులతో మళ్లీ నడిచింది. తర్వాత దొంగలు దాని భాగాలు ఊడదీసుకుపోతే పెరంబూరు వర్క్‌షాపు వాళ్లు బాగుచేశారు, 2017లో మళ్లీ పట్టాలెక్కింది. 1893లో కట్టిన రేవాడీ షెడ్డులో 'అక్బర్' లాంటి డబ్ల్యు.పి. ఇంజన్లకి ఊపిరి పోశారు.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో ఇంగ్లండు చెబుతుంది. అక్కడ పెప్పర్‌కార్న్ ఎ1 తరగతి ఇంజన్లు 49 ఉండేవి. అన్నిటినీ తుక్కుకింద వేశారు, ఒక్కటీ మిగల్లేదు. చివరికి అభిమానులు నెలనెలా చందాలు వేసుకుని, పాత డ్రాయింగులు ముందుంచుకుని, కొత్త ఇంజనే కట్టుకున్నారు. పేరు టోర్నడో. 2008లో అది పూర్తయ్యేసరికి దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది. పోగొట్టుకోవడం తేలిక, తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో చూడండి.

"ఎరువుల ధరలు చూస్తున్నావా? పాత ఇంజను కోసం బొగ్గు తగలెయ్యాలా?" అని మా నాన్నే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఆవిరి ఇంజనులో బొగ్గు శక్తిలో పదోవంతు కూడా చక్రానికి అందదు. పొగ సరేసరి. స్టేషన్లలో నీటి స్తంభాలూ పోయాయి, ట్యాంకర్లతో నీళ్లు పోయాలి. అందుకే రోజూ నడపమని నేననడం లేదు. ఏడాదికి నాలుగైదు యాత్రలు చాలు. ఖర్చులో కొంత టిక్కెట్ల మీద వస్తుంది. మిగిలింది చదువు ఖర్చు కింద రాసుకోవాలి. లేబరేటరీలో గ్యాసు కాలిస్తే వృథా అంటామా?

సికింద్రాబాదు-వాడి రైలుమార్గం 1874 అక్టోబరులో మొదలైంది. ఏటా ఆ నెలలో ఒక ఆదివారం సికింద్రాబాదు నుంచి వికారాబాదు దాకా ఆవిరి బండి నడపాలని కోరుతున్నాను. డ్రైవరు పక్కన పాత ఫైర్‌మన్ ఒకడు నిలబడాలి, పార మాత్రం కుర్రవాడి చేతిలో ఉండాలి. ఐ.టి.ఐ. కుర్రాళ్లకీ, మన ఫిజిక్సు వాళ్లకీ అంతకు మించిన క్లాసు ఏముంటుంది?

మన యూనియన్ ఏటా ఎన్నో తీర్మానాలు చేస్తుంది. ఈసారి దక్షిణ మధ్య రైల్వేకి ఈ అర్జీ కూడా పంపాలని నా మనవి. ఈ సంగతి మా పెద్దాయనతో అంటే నవ్వి, "నేర్పమంటే ఇప్పుడైనా నేర్పుతా. ఎవడొస్తాడ్రా?" అన్నాడు.

నేను వస్తానని చెప్పాను. మీలో ఇంకెవరొస్తారు?