రాజహంస మోకాలు



గత మాసమున ఈ శీర్షికలో కార్తికదీపముల నూనెమరకలను వదల్చు విధమును ముచ్చటించితిమి. దానికి బదులు వ్రాసిన సోదరి యొకరు, “మరకల మాట చాలును, మధ్యాహ్నపు తీరికలో చేతికి పనియు కంటికి విందునగు వినోద మేదైన చెప్పుడు” అని కోరినారు. వారి కోరిక నెపముగా, ఈ మార్గశిరమున మాకు గలిగిన యొక పరాభవమును దాచక వ్రాయుచున్నాము.

మా కాపురము సూళ్లూరుపేటలో. ఇచ్చటినుండి శ్రీహరికోటకు బోవు బాట పులికాటు సరస్సును నడుమ చీల్చుకొని సాగును. ఉప్పునీరును మంచినీరును కలిసిన సరస్సులలో మన దేశమున చిల్కా తరువాత నిదియే పెద్దది. ఆవల దీవి, దీవి కావల బంగాళాఖాతము. ఆ దీవినుండి 1971 మొదలు రాకెట్లు ఎగయుచున్నవి. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరిన మధ్యాహ్నము మేమును ఇరుగుపొరుగు వారితో డాబా యెక్కి మెడ నొచ్చువరకు ఆకసము చూచితిమి. ఆ బాట కిరువైపుల, లోతులేని నీటిలో, శీతకాలమున వేలకొలది ఫ్లెమింగోలు నిలిచియుండును. వానిని చూచుటకు మెడ యెత్తవలసిన పనియైనను లేదు. ఊరివారు వాని పేరిట పక్షుల పండుగయు జరుపుకొందురు. ఎన్నియో యేండ్లుగా మేము వానిని చూచుచున్నాము, చూచితిమనియే యనుకొంటిమి.

మా తండ్రిగారు బాల్యమున మాచేత అమరకోశము వల్లె వేయించిరి. తెల్లని మేనును, ఎఱ్ఱని ముక్కును, ఎఱ్ఱని కాళ్లును గల హంస రాజహంస యని అందు గలదు. ఫ్లెమింగోను రాజహంస యని పిలుచువారు కలరు. అమరుని లక్షణము చాలవరకు కుదురుచున్నది గనుక మేమును సంతోషముతో అట్లే పిలుచుచుంటిమి. శృంగారనైషధమున నలుని ప్రేమను దమయంతికి జేర్చిన హంసయు మా మనసున ఈ సరస్సునందే దిగినది.

ఇట్లుండగా, మా వారు బడిపిల్లల కొరకని చెన్నపట్టణమునుండి లినోలియము ముక్కలను, చిన్న ఉలులను దెచ్చిరి. లినోలియ మనునది మొదట నేలపై పఱచుటకు బుట్టిన పదార్థము. అవిసెనూనెను గాలి తగిలించి చిక్కపఱచి, బెండుపొడి కలిపి, గోనెగుడ్డపై పూసి చేయుదురు. ఫ్రెడరిక్ వాల్టన్ అను ఆంగ్లేయుడు 1863లో దీనికి హక్కుపత్రము పొందెను. కొయ్యకువలె దీనికి నార లేదు గనుక ఉలి యే ప్రక్కకైనను సాగును. అందుచేత చిత్రకారులు దానిని నేలనుండి బల్లమీదికి దెచ్చిరి. మన దేశమున దీనికి పేరు దెచ్చిన చిత్రము 1930 నాటిది: చేతికఱ్ఱతో దండికి నడచు గాంధీమహాత్ముని శాంతినికేతనమున నందలాల్ బోసుగారు నల్లని నేపథ్యముపై తెల్లని గీతలతో నిలిపిరి. ఠాకూరుగారు పిల్లలకై వ్రాసిన సహజపాఠ్ పుస్తకమునకును బొమ్మలు వారివే.

బడికి దెచ్చిన ముక్కలలో నొకటి మా చేతికి వచ్చినది. ఒక రాత్రి కూర్చుండి రాజహంసను చెక్కితిమి. వంపుమెడ, ముందుకు మడచిన మోకాలు, తామరతూడు గఱచిన ముక్కు. ఎడమ వ్రేలికి ఉలి తగిలి రక్తము వచ్చినది. అదియు ఘనతగానే తోచెను. మా అమ్మాయి చప్పట్లు కొట్టినది. మా వారు మెచ్చలేదు, మెచ్చకయు నుండలేదు. అది వారి పద్ధతి.

సరస్సు దరి పల్లెనుండి చేపల గంపతో వచ్చునామె యొకతె మా అరుగున గంప దించి మజ్జిగ త్రాగి పోవుచుండును. మరునాడు ఆమె తీగపై ఆరవేసిన ఆ అచ్చును చూచి, “అయ్యోరమ్మా, బాతు బాగుండాదే, ఎవురేసినారు?” అని యడిగినది. బాతు గాదు, మన సరస్సులోని రాజహంస యంటిమి. ఆమె కొంగు నోటి కడ్డము పెట్టుకొని నవ్వినది.

“అదా! దాని కాలు ఇట్ట ముందుకు మడస్తాదా అమ్మా? ఎనక్కి గదా మడిచేది. ముక్కు సూడండి, కొంగముక్కు మాదిరి సూటిగా పెట్టినారే. అది వంకరగుంటాది. తల తిరగేసి నీళ్లలో పెట్టి తింటాది. తామరపూలు యాడుండాయి మన ఉప్పునీళ్లలో?”

ఆమె పోయిన తరువాత మాకు అన్నము రుచింపలేదు. అక్షరము రాని యామె నవ్వినదని గాదు. ఆమె చెప్పిన మూడును నిజమని మాకు వెంటనే తెలిసినది, తెలిసియు అవి మా కన్నుల ఎన్నడును పడలేదు. ఇన్నేండ్లు మేము బాటప్రక్కన జూచినది పక్షిని గాదు, పుస్తకమును.

ఆ ఆదివారము ఉదయమున బస్సు దిగి, గట్టుమీద రెండు గంటలు నిలిచితిమి. వెంట కాగితమును పెన్సిలును దప్ప పుస్తక మేదియు గొనిపోలేదు. ఆమె మాట అక్షరాల నిజము. పక్షి తల క్రిందులుగా ముంచి, పైముక్కు క్రిందికిని క్రిందిముక్కు పైకిని వచ్చునట్లు బెట్టి, నీటిని లాగి వదలుచు నడచును. ముక్కులోపల జల్లెడవంటి పొరలు గలవు; నీరును బురదయు వెలికి బోవును, సన్నని రొయ్యపురుగులు, నాచు లోపల నిలుచును. ఆ యాహారములోని రంగే దాని యీకలకు గులాబివన్నె నిచ్చును. పాలను నీటిని వేఱుపఱచు హంసను మేము చూచి యెఱుగము గాని, బురదను బువ్వను వేఱుపఱచు హంసను ఆనాడు కన్నులార జూచితిమి.

మోకాలి సంగతి యింటికి వచ్చి చెప్పగా మా వారు నవ్వి, “వెనుకకు మడచునది మోకాలు గాదు, చీలమండ. అసలు మోకాలు పొట్టప్రక్కన ఈకలలో దాగియుండును, అది మనవలె ముందుకే మడుగును” అనిరి. కావున మేము చెక్కిన మోకాలు ముందుకు మడచుట తప్పు గాదట, అది యుండవలసిన చోట లేకపోవుట తప్పట! ఈ వాదమును చేపల యామెకు విన్నవింప మాకు ధైర్యము చాలలేదు.

ఇచట మన సీమవాని నొకనిని దలపకుండ లేము. చిత్తూరు జిల్లా నందనూరున 1925లో జన్మించిన కృష్ణారెడ్డిగారు శాంతినికేతనమున నందలాల్ బోసుగారి శిష్యులై, పిదప పారిసు నగరమున ముద్రణచిత్రములు చేసి, న్యూయార్కున స్థిరపడి 2018లో గతించిరి. 1972లో పద్మశ్రీ పొందిరి. వారు లోహపు రేకును శిల్పమువలె లోతులు తేడాగా చెక్కి, ఒకే రేకునుండి ఒకే మాఱు పలురంగులు అచ్చొత్తు మార్గమును వృద్ధిచేసిరి. మన వంటయింటివారికి ఆ కిటుకు సులభముగా తెలియును. రంగులలో నూనె యెక్కువ తక్కువలుగా కలిపినచో ఒకటి మఱియొకదానిపై నిలువక జాఱును. మెత్తని రోలరు పల్లములకు దిగును, గట్టిది మిట్టలనే తాకును. ఇంత నేర్పు గలవారు చెక్కుటకు ఎన్నుకొన్న వస్తువులలో కీటకము, చేప, అల యుండుట చూడుడు. మేము మాత్రము చూడని తామరతూడు చెక్కితిమి.

రెండవ పలకను వారము దినములు చెక్కితిమి. పలకను ముందుగా ఎండలో నుంచిన మెత్తబడి ఉలికి లొంగును. ఉలి యెప్పుడును మనకు దూరముగా బోవలెను, రెండవ చేయి దాని వెనుకనే యుండవలెను. మా వ్రేలు దీనికి సాక్షి. బొమ్మ అద్దములోవలె కుడియెడమలు మాఱి పడునని మఱవరాదు. అచ్చుసిరాను గాజుపలకపై రోలరుతో పలుచగా పఱచి, లినోలియముపై దొరలించి, కాగితము గప్పి, కొయ్యగరిటె వెనుకప్రక్కతో నెమ్మదిగా రుద్దవలెను. మా ఇంటి పప్పుగరిటె యిపు డీ కొలువులోనే యున్నది. ఇక ముగ్గు వేయు చేతికి ఈ పని క్రొత్త గాదు. ముగ్గున నల్లని నేలపై తెలుపును ఉంచుదుము, ఇందు నలుపును తీసివేయగా తెలుపు మిగులును. అయితే ముగ్గు తప్పిన కాలితో చెఱిపి మరల వేయవచ్చును. చెక్కినది మరల అతుకదు. అందుచేత ఒక్కొక్క గీతకు ముందు, ఇది మేము కన్నదా విన్నదా యని ప్రశ్నించుకొంటిమి. విన్నవన్నియు మానగా ఈకలలో సగము పోయినవి, తామర పోయినది. నల్లని నీరు, వంగిన మెడ, తలక్రిందులైన ముక్కు, ఒక సన్నని కాలు, అంతే మిగిలినవి.

మజ్జిగ త్రాగుచు చేపల యామె ఆ క్రొత్త అచ్చును చేతబట్టుకొని చాలసేపు చూచినది. “ఇప్పుడు నిలబడిందమ్మా” అన్నది. పిదప తనంతట తానే నీటి మాట యెత్తినది. రాయదొరువు కడ సముద్రపు నోటిని ఇసుక పూడ్చివేసినపుడు లోపలి నీరు తగ్గి బురద యెండును. “పిట్టలు దిగని ఏడు మాకూ కూడుండదు” అన్నది. మేము శీతకాలపు వేడుకగా లెక్కించు పక్షులు ఆమెకు ఆ యేటి గాదె కొలతలని మాకు ఆనాటివఱకు తోచలేదు. అచ్చును ఆమెకే యిచ్చితిమి. మడవకుండ గంపమూత క్రింద పెట్టుకొని, మెట్లు దిగుచు వెనుదిరిగి, “పిల్లలేవమ్మా? బూడిదరంగుయి, గుంపులో ఎనకాల తిరగతాయే, అవి యెయ్యలేదే?” అని యడిగి పోయినది.

నిజమే. ఈ పక్షులు గూళ్లు కట్టి పిల్లలను చేయు పెద్ద తావు గుజరాతులోని కచ్ఛ్ రణ్ ప్రాంతము. రెక్కలు వచ్చిన పిల్లలు గులాబివన్నె యెక్కకముందే, బూడిదవన్నెతోనే పెద్దవానితో నెగిరి వచ్చును. నల్లసిరాతో బూడిదరంగు తెచ్చుట యెట్లో మాకు ఇంకను చేతగాలేదు. గీతలు దగ్గఱ దగ్గఱగా సన్నముగా దీసిన వచ్చునని మా వారందురు. మూడవ పలక అరుగుమీద ఎండలో నున్నది. ఈ ఆదివారము మరల గట్టుకు బోవుచున్నాము, ఈ మాఱు అమ్మాయితో.